పాత ఓటమికి కొత్త వారసులు

1565 జనవరిలో కృష్ణ ఒడ్డున జరిగిన తళ్ళికోట యుద్ధం గురించి మన దగ్గర ఇప్పుడు ఒకే కథ చెలామణీలో ఉంది. నలుగురు సుల్తానులు మతం పేరుతో ఏకమయ్యారు. విజయనగర హిందూ సామ్రాజ్యాన్ని కూల్చి, దాని రాజధాని హంపీని నేలమట్టం చేశారు. ఆ గాయం ఇంకా మానలేదు. ఆ నలుగురి వారసులు మన పక్కవీధిలోనే ఉన్నారు. కథలో అసలు కాటు ఈ చివరి వాక్యంలో ఉంది. ముందువన్నీ దాన్ని నమ్మించడానికి వేసిన పీఠిక. హిందూపురంలో, ధర్మవరంలో ఎన్నికల వేడి పుట్టినప్పుడల్లా ఈ కథకు గొంతు లేస్తుంది. చిత్రమేమిటంటే, ఆ యుద్ధం తర్వాత రాజధాని అయిన పెనుకొండ ఈ రెండు ఊళ్లకూ నడుమనే ఉంది. ఆ కొండను మాత్రం ఎవరూ సాక్ష్యం అడగరు.

ఈ కథకు సముద్రాల అవతల ఒక కవల ఉంది. కొసావోలో సెర్బులు, అల్బేనియన్లు ఆరువందల ఏళ్లుగా కొట్టుకుంటున్నారనీ, పగ వాళ్ల రక్తంలోనే ఉందనీ 1990ల నాటి పత్రికలు తెగ రాశాయి. రాబర్ట్ కాప్లాన్ 1993లో వేసిన ‘బాల్కన్ ఘోస్ట్స్’ పుస్తకం ఆ నమ్మకానికి బాగా ఊతమిచ్చింది. మనవాళ్లలో కొందరు ఇప్పుడు ఆ కొసావోను హెచ్చరికగా కూడా చూపిస్తున్నారు: ఒక ప్రాంతంలో ముస్లింల జనాభా పెరిగితే చివరకు దేశమే చీలుతుందట. ఒకచోట 1565, మరోచోట 1389 నాటి కొసావో యుద్ధం. రెండింటి వెనకా ఉన్న వాదం ఒక్కటే: నేటి తగువుకు మూలం నాటి ఓటమి. ఈ వాదం చరిత్రగా తప్పు, రాజకీయంగా ప్రమాదం. నిజానికి జరిగేది దీనికి తలకిందులు. నేటి తగువుకు బలం చాలనప్పుడు, నాటి ఓటమిని లేపి తెచ్చి సాక్షిగా నిలబెడతారు.

ముందు మన యుద్ధం సంగతి చూద్దాం. రక్కసిగి, తంగడిగి గ్రామాల దగ్గర ఎవరు ఎవరితో తలపడ్డారు? ఒకవైపు అహ్మద్‌నగర్ హుస్సేన్ నిజాంషా, బీజాపూర్ అలీ ఆదిల్‌షా, గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా, బీదర్ అలీ బరీద్. బీరార్ సుల్తాను వీళ్లతో చేరలేదు. మతమే పిలుపైతే అయిదోవాడు ఎందుకు ఆగాడో ఈ కథ చెప్పదు. రెండోవైపు విజయనగరాన్ని నడుపుతున్న అళియ రామరాయలు, ఆయన తమ్ముళ్లు. ఆ సుల్తానుల్లో ఇద్దరు అంతకుముందు రామరాయల ఇంటి మనుషుల్లా మెలిగినవాళ్లే. ఇబ్రహీం తన అన్న జంషీద్‌కు భయపడి 1543లో విజయనగరానికి పారిపోయి వచ్చాడు. 1550లో వెళ్లి గోల్కొండ గద్దె ఎక్కేదాకా ఏడేళ్లు అక్కడే తలదాచుకున్నాడు. తెలుగు కవులు ‘మల్కిభరాముడు’ అని పొగిడింది ఈయన్నే. అద్దంకి గంగాధరకవి ‘తపతీసంవరణోపాఖ్యానం’ అంకితమిచ్చింది ఈయనకే. ఇక అలీ ఆదిల్‌షా, రామరాయలకు పుత్రశోకం కలిగినప్పుడు స్వయంగా విజయనగరం వచ్చి పరామర్శించాడనీ, రామరాయల భార్య అతణ్ని కొడుకుగా భావించిందనీ ఫారసీ చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు.

మరి వీళ్లే ఎందుకు తిరగబడ్డారు? రామరాయలు ఇరవై ఏళ్లపాటు ఆడిన ఆట అటువంటిది. ఈ ఏడు బీజాపూర్‌తో కలిసి అహ్మద్‌నగర్ మీదికి వెళ్లడం, మరో ఏడు ఇంకొకరితో కలిసి బీజాపూర్ మీదికి వెళ్లడం, ప్రతిసారీ సాయానికి కూలిగా ఒక కోటో సీమో పుచ్చుకోవడం. సుల్తానులు తమలో తాము కొట్టుకున్నంత కాలం తీర్పరి ఆయనే. ఆ పెత్తనం భరించలేక నలుగురూ ఒకటయ్యారు. ఒకటి కావడానికి కూడా మతం ఒక్కటే చాలలేదు, పెళ్లిళ్లు కావలసి వచ్చాయి. హుస్సేన్ కూతురు చాంద్ బీబీని అలీకి ఇచ్చారు, అలీ చెల్లెల్ని హుస్సేన్ కొడుక్కి చేసుకున్నారు. షోలాపూర్ కోట కట్నంగా చేతులు మారింది. ధర్మయుద్ధానికి కట్నం లెక్కలతో పని ఉండదు. ఇది దక్కనులో ఎవరి మాట చెల్లాలన్న పోరు.

ఇప్పుడు పెనుకొండను పిలుద్దాం. రామరాయల తల తెగింది. తమ్ముడు తిరుమలరాయలు పేరుకు రాజైన సదాశివరాయలను వెంటబెట్టుకుని, ఖజానా ఏనుగులకెక్కించి రాజధాని వదిలాడు. రెండేళ్ల తర్వాత విజయనగరంలో కొన్ని నెలలు గడిపిన ఇటలీ వర్తకుడు సీజర్ ఫెడెరిచి, 1567లో ఆస్థానం ఎనిమిది రోజుల ప్రయాణ దూరంలోని పెనుకొండకు మారిపోయిందని రాశాడు. నగరంలో ఇళ్లు ఇంకా నిలబడే ఉన్నాయనీ, మనుషులే లేరనీ కూడా రాశాడు. అంటే పెనుకొండకు వచ్చింది దిక్కుచెదిరిన ఒక దర్బారు, దాని వెనక ఆశ్రయం వెతుక్కుంటూ జనం. ఇవాళ్టి కథ నిజమైతే, ఆ కోటలో రగలాల్సింది సుల్తానుల మీద ఆరని పగ.

జరిగింది చూడండి. రామరాయల కొడుకు పెదతిరుమలుడు తన బాబాయి పెత్తనాన్ని ఒప్పుకోలేదు. సాయం కోసం బీజాపూర్ ఆదిల్‌షా దగ్గరికి వెళ్లాడు. తండ్రి తల తీసిన కూటమిలోనివాడే ఈ ఆదిల్‌షా. అలీ సైన్యం పంపితే అది పెనుకొండ మీదికి వచ్చింది. అప్పుడు తిరుమలరాయలు ఎవరికి కబురు పెట్టాడు? అహ్మద్‌నగర్ నిజాంషాకు! అన్న తల నరికించిన ఇంటికి! నిజాంషాహీ సైన్యం బీజాపూర్ రాజ్యంలో చొరబడింది, అలీ వెనక్కి మళ్లాడు, పెనుకొండ బతికింది. అంతటితో ఆగక తిరుమలరాయలు నిజాంషా, కుతుబ్‌షాలతో కలిసి బీజాపూర్ మీద దండయాత్రలోనూ చేయి కలిపాడు. యుద్ధం ముగిసి అప్పటికి మూడేళ్లయినా కాలేదు. ఆ యుద్ధంలో అన్నను పోగొట్టుకున్నవాడికి లేని మతపగ నాలుగున్నర శతాబ్దాల తర్వాత పుట్టినవాడికి ఎక్కడి నుంచి వచ్చింది? వంశపారంపర్యంగా మాత్రం కాదు. ఎవరో అందించారు కాబట్టి వచ్చింది.

సామ్రాజ్యాన్ని చివరకు ముక్కలు చేసిందెవరో కూడా ఈ కథ దాచిపెడుతుంది. 1565 తర్వాత విజయనగర పాలకులు పెనుకొండలో, తర్వాత చంద్రగిరిలో, ఆ తర్వాత వేలూరులో మరో ఎనభై ఏళ్లు నెట్టుకొచ్చారు. మధురై, జింజి, తంజావూరు నాయకులు పేరుకు సామంతులుగా ఉంటూనే స్వతంత్రులైపోయారు. 1610లో శ్రీరంగపట్నాన్ని విజయనగర ప్రతినిధి చేతుల్లోంచి లాక్కున్నది మైసూరు రాజ ఒడయరు. 1614లో విజయనగర రాజు వెంకటపతిరాయలు పోగానే జగ్గరాయడు కొత్త రాజునూ అతని కుటుంబాన్నీ చంపించాడు. వెలుగోటి యాచమనాయకుడు ఒక్క పిల్లవాణ్ని బతికించి బయటికి తెచ్చాడు. కావేరి తీరాన తోపూరులో మధురై, జింజి సేనలు జగ్గరాయడి పక్షాన నిలిస్తే, తంజావూరు రఘునాథనాయకుడు యాచముడి పక్షాన నిలిచాడు. ఆ పోరులో సామ్రాజ్యం నడుము విరిగింది. ఆ ఇరుపక్షాల్లో సుల్తాను ఒక్కడూ లేడు. ఎవరి స్వాతంత్ర్యం న్యాయం, ఎవరిది ద్రోహం అని ఆనాడు అడిగితే మధురై ఒకటి చెప్పేది, పెనుకొండ మరొకటి చెప్పేది. ఆ జవాబులో మతం ఊసే ఉండేది కాదు.

ఎదుటివాళ్ల ప్రశ్నలను తప్పించుకోవడం నా ఉద్దేశం కాదు. మొదటిది: హంపీ విధ్వంసం అబద్ధమా? కాదు. దోపిడీ జరిగింది, నెలల తరబడి జరిగింది. గుళ్లు కూలాయి, విగ్రహాలు విరిగాయి. దాన్ని మృదువుగా చెప్పాల్సిన పనిలేదు. అయితే విరూపాక్షుడి గుడి నిలిచింది, అక్కడ పూజలూ సాగుతూ వచ్చాయి. ఊరును దోచినవాళ్లకు దేవుడి మీద కోపం కన్నా నగరం మీద ఆశ ఎక్కువన్నది ఒక్కటే ఇక్కడ చెప్పదగ్గ మాట. రామరాయల సేనలు అహ్మద్‌నగర్ సీమలో మసీదులను అవమానించాయని ఫెరిష్తా వాపోయాడు. అది నిజమైనా, అతిశయోక్తి అయినా, ఒకరి లెక్క రాసుకుని మరొకరి లెక్క చెరిపేయడం చరిత్ర కాదు.

రెండోది: ఆనాటి ఫారసీ చరిత్రకారులే దీన్ని మతయుద్ధంగా రాశారు కదా? రాశారు. గెలిచిన రాజు కొలువులో జీతం తీసుకునేవాడు దోపిడీని దోపిడీ అని రాయడు, పుణ్యకార్యమని రాస్తాడు. విడ్డూరమేమిటంటే, ఫెరిష్తా ఇంకే మాట చెప్పినా నమ్మనివాళ్లు ఈ ఒక్క ప్రగల్భాన్ని మాత్రం వేదవాక్కుగా పట్టుకుంటారు. 1900లో రాబర్ట్ సూయెల్ ‘ఎ ఫర్గాటెన్ ఎంపైర్’లో విజయనగరాన్ని ఇస్లాంకు అడ్డుగా నిలిచిన హిందూ కోటగా నిలబెట్టాడు. ఇంగ్లీషువాడు వచ్చి రెండు మతాల నడుమ శాంతి తెచ్చాడని చెప్పుకోవడానికి వలస పాలనకు అటువంటి చరిత్ర అవసరం. మన పాఠ్యపుస్తకాలు దాన్నే దిద్దుకున్నాయి.

మూడోది వాళ్లకు బాగా ఇష్టమైనది: రామరాయల సైన్యంలోని ఇద్దరు ముస్లిం సేనానులు నమ్మకద్రోహం చేశారన్న కథ. ఇది ఫెడెరిచి నోట వచ్చింది. యుద్ధం చూసి రాసింది కాదు, రెండేళ్ల తర్వాత ఊళ్లో విని రాసింది. సరే, నిజమనే అనుకుందాం. అప్పుడు దానివల్ల తేలేదేమిటి? ‘హిందూ సామ్రాజ్యం’ తన అసలు బలగాన్ని ముస్లిం సేనానుల చేతిలో పెట్టిందని! రెండో దేవరాయల కాలం నుంచీ విజయనగరం ముస్లిం విలుకాళ్లను, రౌతులను కొలువులోకి తీసుకుంది. వాళ్ల మర్యాద కోసం రాయలు సింహాసనం ముందు ఖురాన్ పెట్టించాడని చరిత్ర చెబుతుంది. ద్రోహుల కథను పట్టుకుంటే మతయుద్ధం కథను వదిలేయాలి. రెండూ ఒకే చేతిలో ఇమడవు.

ఓడిన ప్రతి పక్షం ఒక ద్రోహిని వెతుక్కుంటుంది. సరిగ్గా ఇక్కడే కొసావో మనకు పనికొస్తుంది. 1389 జూన్ 28న కొసావో మైదానంలో సెర్బు ప్రభువు లాజర్, ఉస్మానీ సుల్తాను మురాద్ ఇద్దరూ చనిపోయారు. సెర్బుల గాథల్లో ఓటమికి కారకుడు వుక్ బ్రాంకోవిచ్. లాజర్‌కు స్వయానా అల్లుడు. అతడు ద్రోహం చేశాడనడానికి చరిత్రకారులకు ఆధారం దొరకలేదు. పైగా యుద్ధం తర్వాత కొన్నేళ్లపాటు ఉస్మానీలకు లొంగకుండా నిలిచినవాడు అతడే. లొంగింది లాజర్ ఇల్లు. లాజర్ కూతురు ఒలివేరాను మురాద్ కొడుకు బయెజీద్‌కు ఇచ్చి పెళ్లి చేశారు. లాజర్ కొడుకు స్టెఫాన్ లాజరెవిచ్ అదే బయెజీద్ జెండా కింద 1396లో నికోపొలిస్‌లో తోటి క్రైస్తవుల మీద, 1402లో అంకారాలో తైమూరు మీద కత్తి దూశాడు. తిరుమలరాయలు అహ్మద్‌నగర్‌కు పంపిన కబురును ఒక్కసారి గుర్తుచేసుకోండి. ఓటమిని అనుభవించినవాళ్లు రాజ్యం నిలబెట్టుకునే దారి చూసుకున్నారు. ఓటమిని పాటగా విన్నవాళ్లు పగ నేర్చుకున్నారు.

మరి ఇరవయ్యో శతాబ్దంలో కొసావో ఎందుకు మండింది? 1981 జనగణన నాటికే అక్కడ అల్బేనియన్లు 77 శాతం. అయినా దేశం చీలలేదు. 1974 రాజ్యాంగం ఆ ప్రాంతానికి స్వయంపాలన ఇచ్చింది. 1981లో అల్బేనియన్ విద్యార్థులు వీధికెక్కారు, నిజమే. వాళ్లలో ఎక్కువమంది అడిగింది యుగోస్లావియాలోనే రిపబ్లిక్ హోదా. సెర్బులకూ గోడు ఉంది. భయంతోనో, బతుకుతెరువు కోసమో వాళ్లు ఆ ప్రాంతం వదిలి వెళ్తూనే ఉన్నారు. మాట్లాడుకుని తీర్చుకోగల తగువే ఇది. 1989లో స్లోబొదాన్ మిలోసెవిచ్ స్వయంపాలనను గుంజుకున్నాడు. ఆ జూన్ 28న, యుద్ధానికి ఆరువందల ఏళ్లు నిండిన రోజున, గాజిమెస్తాన్ దగ్గర లక్షలాది జనం ముందు నిలబడి, సాయుధ పోరాటాల కాలం పూర్తిగా పోలేదన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. తర్వాత అల్బేనియన్లను ఉద్యోగాల నుంచి గెంటేశారు, ఆ సంఖ్య లక్షకు పైనే అంటారు. వాళ్ల పిల్లలు ప్రైవేటు ఇళ్లలో చదువుకున్నారు. ఇబ్రహీం రుగోవా నాయకత్వంలో దాదాపు ఎనిమిదేళ్లు అహింసగా ఎదురుచూశారు. ఎవరూ వినలేదు. తుపాకి పట్టినవాళ్లకు అప్పుడు వినేవాళ్లు దొరికారు.

ఆ పోరు యుద్ధంగా ముదిరింది. 1999 మార్చి నుంచి జూన్ వరకు యుగోస్లావియా మీద నాటో బాంబులు కురిశాయి. ఆ కొద్ది నెలల్లోనే దాదాపు ఎనిమిదిన్నర లక్షల అల్బేనియన్లను సెర్బు బలగాలు సరిహద్దులు దాటించాయి. సెర్బు సేనలు తప్పుకున్నాక ఈసారి సెర్బులు, రోమా జనం మూటలు సర్దుకున్నారు. వాళ్లు సుమారు రెండు లక్షలని అంచనా. 2004 మార్చి అల్లర్లలో 19 మంది చనిపోయారు, పదుల సంఖ్యలో చర్చిలు తగలబడ్డాయి. 2008 ఫిబ్రవరి 17న కొసావో స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. ఆ ప్రకటన అంతర్జాతీయ న్యాయాన్ని ఉల్లంఘించలేదని 2010లో హేగ్ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది. సెర్బియా ఒప్పుకోలేదు. భారత్ కూడా ఇప్పటికీ గుర్తించలేదు. కొసావోను హెచ్చరికగా చూపేవాళ్లు ఈ వరసను చదవాలి. దేశాన్ని చీల్చింది జనాభా లెక్క కాదు. ఒక జనాభాను పరాయిదిగా లెక్కగట్టిన ప్రభుత్వం.

ఇంకొక వర్గానికీ ఇక్కడ జవాబు చెప్పాలి. ‘మా సీమలో అటువంటివి జరగవు, మేం కలిసిమెలిసి బతుకుతాం’ అని భరోసాగా పడుకునేవాళ్లు వీళ్లు. వాళ్ల చేతిలో ఆధారాలు బాగానే ఉన్నాయి. పెనుకొండ బాబయ్య దర్గా ఉరుసుకు హిందువులు వస్తారు. గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల ముందు అగ్నిగుండం తొక్కేవాళ్లలో హిందువులే ఎక్కువ. కుళ్లాయప్ప, ఫక్కీరప్ప అన్న పేర్లు హిందూ ఇళ్లలో వినిపిస్తాయి. కదిరి నరసింహుడి ఉత్సవాల్లో ముస్లింలు కనిపిస్తారు. ఇవన్నీ నిజాలు. నాకూ ఇష్టమైన నిజాలు. కానీ ఇవి కవచం కావు.

కొసావోలోనూ ఇవన్నీ ఉండేవి. డెచాని సెర్బు మఠానికి తరతరాలుగా కాపలా కాసింది చుట్టుపక్కల అల్బేనియన్ ముస్లిం కుటుంబాలే. 1999లో అదే మఠంలోని సన్యాసులు అల్బేనియన్లను లోపల దాచి కాపాడారు. అయినా ఆ ఏడాది నుంచి ఇప్పటిదాకా ఆ మఠానికి విదేశీ సైనికులు కాపలా కాయాల్సి వస్తోంది. ఇరుగుపొరుగు మంచితనం ఎంత గట్టిదైనా, సర్కారు ఒకరి పక్షాన చేరాక అది ఎన్నాళ్లో నిలవదు. ఉరుసులో గంధం పంచుకోవడం మనుషుల పని. ఫిర్యాదు ఇద్దామని వచ్చినవాడి పేరు చూడకుండా కేసు రాయడం, ఇల్లు కూల్చే ముందు నోటీసు ఇవ్వడం, ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు మార్కులు మాత్రమే చూడడం రాజ్యం పని. మొదటిది ఉందని మురిసిపోయి రెండోదాన్ని అడగడం మానేస్తే, 1989 ఎక్కడైనా పుట్టగలదు.

ఇక పాత గాయాల పద్దు తెరుద్దాం అనేవాళ్లను ఒక్కటి అడుగుతాను: పద్దు ఏ తేదీ నుంచి? సెర్బు 1389 అంటాడు, లేదా తన పెద్దలు పీఠాధిపతి వెంట ఊళ్లు వదిలిన 1690 అంటాడు. అల్బేనియన్ సెర్బియా సేనలు వచ్చిన 1912 అంటాడు, లేదా 1999 అంటాడు. మనకూ అంతే. ఒకరు 1565 అంటే, ఇంకొకరు దానికి ముందు అహ్మద్‌నగర్‌లో జరిగింది ఏమిటంటారు. మైసూరు వాళ్లను 1610 గురించి అడగాలా? జగ్గరాయడి వంశంవాళ్ల మీద హత్యకేసు పెట్టాలా? పద్దు ఎక్కడ మొదలవ్వాలో తేల్చేది పద్దు రాసేవాడి అవసరమే తప్ప గాయపడ్డవాడి నొప్పి కాదు.

ఆ అవసరం ఏమిటో ఈ మూడు ఊళ్లలో తిరిగితే తెలుస్తుంది. ధర్మవరంలో నేతగాడి సమస్య ముడిపట్టు ధర, చేనేతకు కేటాయించిన రకాలను మరమగ్గాలు నేసేస్తున్న అన్యాయం. చేనేత రిజర్వేషన్ చట్టం వచ్చింది 1985లో, అమలు ఏపాటిదో మగ్గం గుంతలో కూర్చున్నవాడికి తెలుసు. హిందూపురంలో రైతు సమస్య పట్టుగూళ్ల మార్కెట్లో ఆనాటి రేటు. పట్టణానికి జిల్లా కేంద్రం దక్కలేదన్న అసంతృప్తి వేరే ఉంది. 2022 ఏప్రిల్‌లో శ్రీసత్యసాయి జిల్లా పుట్టినప్పుడు కేంద్రం పుట్టపర్తికి పోయింది. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చింది. భూములిచ్చిన ఊళ్లకు అందులో ఏ స్థాయి ఉద్యోగాలు వచ్చాయన్నది అడగదగ్గ ప్రశ్న. హంద్రీ-నీవా నీళ్లు గొల్లపల్లి రిజర్వాయరుకు చేరాయి, చివరి పొలానికి ఎప్పుడన్నది మరో ప్రశ్న. వీటిలో ఒక్కదానికీ రామరాయల తల తెగడంతో సంబంధం లేదు. ఒక్కదానికీ పక్కవీధి ముస్లిం బాధ్యుడు కాడు. వీటికి జవాబు చెప్పాల్సినవాళ్లు ఎమ్మెల్యేలు, ఎంపీలు, మంత్రులు. జవాబు లేనప్పుడే వేదిక మీదికి 1565 వస్తుంది.

కాబట్టి ఈసారి సభలో ఎవరైనా తళ్ళికోట గాయం గురించి గొంతు చించుకుంటే, చరిత్రలో వాదనకు దిగక్కర్లేదు. గూళ్ల రేటు అడగండి. మగ్గాల చట్టం అడగండి. కాలువ నీళ్లు అడగండి. అప్పటికీ ఆ పెద్దమనిషి 1565ను వదలకపోతే, యుద్ధం ముగిసి మూడేళ్లు తిరగకముందే పెనుకొండ నుంచి అహ్మద్‌నగర్‌కు సాయం కోరుతూ కబురు వెళ్లిందని చెప్పండి. తిరుమలరాయలకు అన్న చావుకంటే తన జనం బతుకు ముఖ్యమనిపించింది. ఆయన వారసులమని చెప్పుకునేవాళ్లకు ఆపాటి రాజనీతి అయినా ఉండాలి.